మూడు వందల గజాల్లో మూడంగుళాల గురి: నేను వార్మింట్ రైఫిల్ ఎంచుకున్న తీరు

టెక్సస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో, డాల్‌హార్ట్ ఊరి దగ్గర, మా ఆఫీసు మిత్రుడి మామగారికి పశువుల రాంచ్ ఉంది. ఆ బయళ్ళ నిండా ప్రెయిరీ డాగ్స్ బొరియలే. పేరులో డాగ్ ఉన్నా ఇవి కుక్కలు కావు, ఉడుత జాతి జంతువులు. గడ్డిని మొదలంటా కొరికేస్తాయి. పంటకో మేతకో నష్టం చేసే ఇలాంటి జంతువులనే ఇక్కడ వార్మింట్ అంటారు. వానలు సరిగా పడని ఏడాది ఆవులకు మిగిలే మేత అసలే తక్కువ, అందులో వీటి వాటా పోతే ఇంకేం మిగలదు. వేటకు వస్తానంటే ఆయన సరేనన్నారు, కానీ ఒక షరతు పెట్టారు. తగిలిన జంతువు అక్కడికక్కడే చచ్చిపోవాలి. గాయంతో బొరియలోకి పాక్కుంటూ పోయేలా కాల్చేవాళ్ళను ఆయన మళ్ళీ గేటు దాటనివ్వరు. నాకు ఆ మాట చాలా నచ్చింది. ఏ తుపాకీ కొనాలి, ఏ తూటా వాడాలి, ఎంత దూరం దాకా కాల్చాలి అన్నవన్నీ ఆ షరతును బట్టే తేల్చుకున్నాను.

ముందు కాగితాల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. టెక్సస్‌లో ప్రెయిరీ డాగ్స్‌కు సీజన్ అంటూ లేదు. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో ఏడాది పొడవునా వేటాడొచ్చు, కాకపోతే హంటింగ్ లైసెన్సు ఉండాలి. 1971 సెప్టెంబరు 2న, లేదా ఆ తర్వాత పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి. పెద్దవాళ్ళు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేసుకోవచ్చు. నాకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి కొనడానికి చట్టపరంగా అడ్డు లేదు. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్న మనవాళ్ళు మాత్రం బాగా గుర్తుపెట్టుకోవాలి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, చేత పట్టుకోవడం కూడా నేరమే. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడితో సరదాగా రేంజ్‌కు వెళ్ళి ఒక రౌండు కాల్చే ముందు కూడా ఇది చూసుకోవాలి. దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఇమిగ్రేషన్ కేసు మొత్తం ప్రమాదంలో పడుతుంది.

ఇక లెక్క. నిలబడ్డ ప్రెయిరీ డాగ్ ఎత్తు అడుగుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, వెడల్పు మాత్రం మూడు నాలుగు అంగుళాలే. రైఫిళ్ళ కచ్చితత్వాన్ని మినిట్ ఆఫ్ యాంగిల్‌లో, అంటే ఎంవోఏలో కొలుస్తారు. ఒక ఎంవోఏ అంటే వంద గజాల దగ్గర 1.047 అంగుళాలు, మూడు వందల గజాల దగ్గర మూడంగుళాల పైచిలుకు. ఒక ఎంవోఏ రైఫిల్ అంటే జింకల వేటకు బంగారం లాంటిది. ఇక్కడ మాత్రం రైఫిల్ తప్పే జంతువు వెడల్పంతా తినేస్తుంది. గాలి అంచనాలో తేడాకు, నా చేతి వణుకుకు ఏమీ మిగలదు. అందుకని ముప్పావు ఎంవోఏ, వీలైతే అర ఎంవోఏ కావాలి. అదీ చల్లని బ్యారెల్‌తో, అంటే తుపాకీ గొట్టంతో, మొదటి మూడు తూటాలకు కాదు, పొద్దున్నుంచీ కాలుస్తూ ఉన్నా అలాగే ఉండాలి.

బడ్జెట్ అన్నీ కలిపి పన్నెండు వందల డాలర్లు అనుకున్నాను. మా ఆఫీసులో సీనియర్ అన్నయ్య ఒకాయన ఏళ్ళ తరబడి రేంజ్‌కు వెళ్తుంటారు. ఆయన్ను అడిగితే, "తమ్ముడూ, డబ్బంతా తుపాకీ మీద పెట్టకు. సగం దానికి పెట్టు, మిగతా సగంలో స్కోప్, తూటాలు, కింద పెట్టుకునే బ్యాగులు వచ్చేలా చూసుకో" అన్నారు. ఆ లెక్కన రైఫిల్‌కు ఆరు వందల దాకా, గురి చూసే దుర్భిణి అయిన స్కోప్‌కు మూడు వందల యాభై వేసుకున్నాను. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారని నా అభిప్రాయం. వెయ్యి డాలర్ల రైఫిల్ మీద నూరు డాలర్ల స్కోప్ బిగించి, గురి కుదరడం లేదని రైఫిల్‌ను తిడతారు.

మోడల్ కంటే ముందు కార్ట్‌రిడ్జ్, అంటే రైఫిల్ ఏ రకం తూటాకు చేసిందన్నది, తేల్చుకోవాలి. ఈ వేటకు పేరున్నవి నాలుగు. 1964లో వచ్చిన 223 రెమింగ్టన్. వేటగాళ్ళు సొంతంగా తయారు చేసుకుంటూ వస్తుంటే 1965లో రెమింగ్టన్ తన పేరుతో ఫ్యాక్టరీ తూటాగా తెచ్చిన 22-250. 1935లో వించెస్టర్ తెచ్చిన 220 స్విఫ్ట్. 2004లో వచ్చిన 204 రూగర్. వేగం చూస్తే 223ది అన్నిటికంటే వెనక వరుస. బుల్లెట్ అంటే తూటాలోంచి దూసుకుపోయే మొన, దాని బరువును గ్రెయిన్లలో చెప్తారు. 55 గ్రెయిన్ల బుల్లెట్‌ను 223 సెకనుకు దాదాపు 3,240 అడుగుల వేగంతో పంపితే, అదే బుల్లెట్‌ను 22-250 దాదాపు 3,680 అడుగుల వేగంతో పంపుతుంది. 204 రూగర్ అయితే 32 గ్రెయిన్ల చిన్న బుల్లెట్‌తో నాలుగు వేల అడుగులు దాటేస్తుంది. ఎవరికైనా మనసు అటే లాగుతుంది, నాకూ లాగింది.

నన్ను ఆపినవి రెండు. ఒకటి తూటాల ఖర్చు. ప్రెయిరీ డాగ్స్ బాగా ఉన్న చోట ఒక్క రోజులో రెండు వందల తూటాలు కాల్చడం మామూలు విషయం. 223 వార్మింట్ తూటా పెద్ద పెట్టెల్లో కొంటే నాకు డాలర్ లోపే దొరికింది. 22-250కి దుకాణంలో చూసిన ధరలు దాని మీద ఒకటిన్నర రెట్లు దాటాయి. వేటకు రెండు మూడు సార్లు వెళ్ళొస్తే చాలు, ఆ తేడాతో ఇంకో స్కోప్ కొనొచ్చు. చవకైన రైఫిల్ కావాలని వెతికేవాళ్ళు తూటా ధర చూడకపోతే ఆ పొదుపుకు అర్థమే లేదు. రెండోది బ్యారెల్ ఆయుష్షు. 22-250, స్విఫ్ట్ లాంటివి చిన్న రంధ్రంలోంచి ఎక్కువ మందుగుండు మంటను తోసేస్తాయి. బ్యారెల్‌లో తూటా గది దాటాక, మెలి తిరిగిన గాడులు మొదలయ్యే చోటును థ్రోట్ అంటారు. ఆ మంట ముందుగా కొరుక్కుతినేది దాన్నే. బ్యారెల్ వేడెక్కి ఉండగా ఆగకుండా కాలిస్తే ఇంకా తొందరగా పోతుంది. వార్మింట్ వేటలో జరిగేది సరిగ్గా అదే. 223 బ్యారెల్ ఎన్నో వేల తూటాలు ఓర్చుకుంటుంది.

మరి వేగం తక్కువైతే గాలికి ఎక్కువ కొట్టుకుపోదా? పోతుంది. నేను బాలిస్టిక్స్ లెక్క వేసి చూశాను. గంటకు పది మైళ్ళ గాలి పక్కనుంచి వీస్తుంటే, మూడు వందల గజాల దగ్గర 223 బుల్లెట్ పదిన్నర అంగుళాల దాకా జరుగుతుంది. అదే బుల్లెట్ 22-250లోంచి వస్తే తొమ్మిదంగుళాలు జరుగుతుంది. అంటే దేంతో కాల్చినా గాలిని లెక్క కట్టకపోతే గురి తప్పినట్టే. రెండింటికీ తేడా దాదాపు అంగుళంన్నర. ఆ తేడా కోసం రెట్టింపుకు దగ్గరగా డబ్బు పెట్టే బదులు, ఆ డబ్బుతో ఎక్కువ తూటాలు కాల్చి గాలిని చదవడం నేర్చుకోవడం మేలనిపించింది. రాంచ్ యజమాని షరతుకు లోబడి నేను మూడు వందల గజాలు దాటి కాల్చదలుచుకోలేదు కాబట్టి 223 అని ఖాయం చేసుకున్నాను.

ఆ తర్వాత చూసుకోవాల్సింది ట్విస్ట్, అంటే బ్యారెల్ లోపలి మెలిక. దీని గురించి దుకాణాల్లో పెద్దగా చెప్పరు, కానీ రైఫిల్ కొనేవాళ్ళు ముందుగా అడగాల్సింది ఇదేనని నేను నమ్ముతాను. బ్యారెల్ లోపలి గాడులు మెలి తిరిగి ఉంటాయి, ఆ మెలిక వల్లే బుల్లెట్ గిర్రున తిరుగుతూ తిన్నగా పోతుంది. 1:12 అంటే పన్నెండు అంగుళాలకు ఒక పూర్తి చుట్టు, 1:8 అంటే ఎనిమిది అంగుళాలకే ఒక చుట్టు. బుల్లెట్ ఎంత పొడుగైతే అంత వేగంగా తిరగాలి. బరువు పెరిగితే పొడుగూ పెరుగుతుంది కాబట్టి అందరూ బరువుతోనే మాట్లాడతారు, అసలు చూడాల్సింది పొడుగు. 1:12 బ్యారెల్ 55 గ్రెయిన్ల దాకా చక్కగా పనిచేస్తుంది. 1:9 అయితే 69 గ్రెయిన్ల దాకా ధీమాగా వాడొచ్చు. 75, 77 గ్రెయిన్ల పొడుగు బుల్లెట్లకు 1:8 కావాలి. సీసం లేని రాగి బుల్లెట్లు కూడా అదే బరువుకు పొడుగ్గా ఉంటాయి, రేపు వాటికి మారాలన్నా ట్విస్ట్ చూసుకోవాల్సిందే. రెమింగ్టన్ 700లో 223 వార్మింట్ మోడళ్ళు చాలాకాలం 1:12తో వచ్చాయి. ప్రెయిరీ డాగ్స్‌కు అది చాలు. నేను చలికాలంలో అదే రైఫిల్‌తో తోడేలును పోలిన కయోటీల వేటకూ వెళ్దామనుకుంటున్నాను, గాలికి కాస్త నిలబడే బరువైన బుల్లెట్‌కు వీలుండాలి. అందుకే 1:9 కానీ, 1:8 కానీ ఉంటేనే చూస్తానని గీత గీసుకున్నాను.

బ్యారెల్ మందం గురించి మా అన్నయ్యతో కాస్త వాదన జరిగింది. ఆయన తేలికపాటి రైఫిల్ మంచిదంటారు, ఆయన నడిచి వేటాడే మనిషి. ప్రెయిరీ డాగ్స్ దగ్గర మనం నడవం. బల్ల మీదో, నేల మీదో బ్యాగులు పెట్టుకుని గంటల తరబడి ఒకే చోట కూర్చుంటాం. సన్న బ్యారెల్ పది తూటాలకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, వేడికి కొన్ని బ్యారెళ్ళు ఒక పక్కకు లాగుతాయి, గ్రూపు, అంటే వరసగా కాల్చిన తూటాలు పడిన గుంపు, మెల్లగా జరిగిపోతుంది. బరువైన బ్యారెల్ వేడెక్కడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, బ్యాగుల మీద కదలకుండా కూర్చుంటుంది, దెబ్బకు ఎగరదు. తుపాకీ ఎగరకపోతే తూటా తగలడం స్కోప్‌లోనే కనిపిస్తుంది. ఎక్కడ తగిలిందో కంటితో చూస్తే, తర్వాతి తూటాకు ఎంత జరపాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. తొమ్మిది పౌండ్ల రైఫిల్‌ను భుజాన వేసుకుని కొండలెక్కమంటే నేనూ వద్దంటాను, ఈ పనికి మాత్రం బరువే మేలు.

ఈ జల్లెడలో నిలిచినవి కొన్నే. ఫిన్లండ్‌లో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ వార్మింట్. తూటాను గదిలోకి తోసి మూసే కడ్డీ అయిన బోల్టును లాగితే ఎక్కడా పట్టకుండా జారుతుంది, 223లో 1:8 ట్విస్ట్, నాకు బాగా నచ్చింది. ధర వెయ్యి డాలర్ల చుట్టూ ఉండటంతో పక్కన పెట్టాను. డబ్బుకు ఇబ్బంది లేనివాళ్ళు ఇంకేమీ చూడక్కర్లేదనే చెప్తాను. రూగర్ అమెరికన్ ప్రిడేటర్ నా బడ్జెట్‌లోనే ఉంది, దానిదీ 1:8, బ్యారెల్ 22 అంగుళాలు. కయోటీల కోసం నడిచి తిరిగేవాళ్ళకు అదే సరైనది. నేను అనుకున్న పనికి బ్యారెల్ కాస్త సన్నం. జపాన్‌లో తయారయ్యే హోవా 1500 హెవీ బ్యారెల్ గట్టి పోటీ ఇచ్చింది. యాక్షన్, అంటే బోల్టు ఉండే మధ్య భాగం, దృఢంగా ఉంటుంది, ట్రిగ్గర్ బాగుంటుంది. అది మా దగ్గర దుకాణంలో 223లో స్టాకు లేదు. చేతిలో పట్టుకుని చూడకుండా కొనడం నాకు ఇష్టం లేదు.

చివరికి సావేజ్ మోడల్ 12 దగ్గర ఆగాను. 26 అంగుళాల బరువైన బ్యారెల్, 1:9 ట్విస్ట్. ఈ యాక్షన్ వెనక కథ తెలుసుకున్నాక గౌరవం ఇంకా పెరిగింది. 1958లో నికొలస్ బ్రూవర్ రూపకల్పనతో వచ్చిన మోడల్ 110 వంశం ఇది. తక్కువ ఖర్చులో తయారవ్వాలన్న లక్ష్యంతో ఆయన చేసిన పనులే కచ్చితత్వానికీ అక్కరకొచ్చాయి. బోల్టు తల విడి ముక్కగా, పిన్నుతో, కాస్త కదిలేలా ఉంటుంది. దాంతో బోల్టును బిగించి ఉంచే పళ్ళు, అంటే లాకింగ్ లగ్గులు, రెండూ సమానంగా ఆనుకుంటాయి. బ్యారెల్‌ను యాక్షన్‌కు బిగించేది ఒక పెద్ద నట్టు. తూటా గది కొలతను, అంటే హెడ్‌స్పేస్‌ను, ఫ్యాక్టరీలో ఆ నట్టుతోనే సరిగ్గా అమరుస్తారు. కొనేవాళ్ళకు దీనివల్ల ఇంకో లాభం ఉంది. బ్యారెల్ అరిగిపోయాక రెంచ్, గేజీలు ఉంటే కొత్త బ్యారెల్‌ను జాగ్రత్తగా ఇంట్లోనే మార్చుకోవచ్చు. వేరే రైఫిళ్ళకు చాలామటుకు గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళాల్సిందే. 2000 దశకం మొదట్లో వచ్చిన ఆక్యుట్రిగ్గర్ ఇంకో మేలు. వార్మింట్ మోడళ్ళలో ఒకటిన్నర పౌండ్ల దాకా తేలిక చేసుకోవచ్చు, మధ్యలో ఉన్న సన్నని బ్లేడు నొక్కితే తప్ప పేలదు. ఐదారు పౌండ్ల బరువు లాగాల్సిన ట్రిగ్గర్‌తో మూడంగుళాల గురి కొట్టడం చాలా కష్టం, వేలు లాగేలోపే గురి చెదురుతుంది.

కొనడానికి ముందు సెకండ్ హ్యాండ్ కూడా చూశాను. ఒక గన్ షోలో 22-250 ఒకటి, చూడ్డానికి మెరిసిపోతోంది, భుజానికి ఆనించే స్టాక్ మంచి చెక్కది, స్కోప్‌తో కలిపి ఐదు వందలకే ఇస్తామన్నారు. "ఎక్కువ కాల్చలేదండీ" అన్నాడు అమ్మే అతను. మా అన్నయ్య తన సంచిలోంచి బోర్‌స్కోప్ తీశారు. చిన్న కెమెరా ఉన్న తీగ అది, ఫోన్‌కు తగిలిస్తే బ్యారెల్ లోపలంతా కనిపిస్తుంది. అమ్మే అతన్ని అడిగి, బోల్టు తీసి, వెనకనుంచి మెల్లగా దూర్చాం. మూతి దగ్గర గాడులు పదునుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి. కెమెరా వెనక్కి వచ్చి థ్రోట్ దగ్గర ఆగేసరికి తెర మీద ఉక్కంతా ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చి ఉంది. గాడులు అక్కడ అరంగుళానికి పైగా చెరిగిపోయి, మాసిన మరకలా మిగిలాయి. పైన మెరుపు చూసి ఎవరూ అది ఊహించలేరు. అది పనికిరాని రైఫిల్ అని నేననను, కొత్త బ్యారెల్ వేస్తే ఎన్నో ఏళ్ళు వస్తుంది. బ్యారెల్, కూలీ కలిపితే నా బడ్జెట్ దాటిపోతుందని నమస్కారం పెట్టి వచ్చేశాం. పాత రైఫిల్ కొనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. బోర్‌స్కోప్ ఇప్పుడు చవకగానే దొరుకుతోంది, లోపలికి చూడకుండా డబ్బు తీయొద్దు. మూతి అంచు, అంటే క్రౌన్, ఎక్కడైనా సొట్టపడిందేమో గోరుతో తడిమి చూడండి. బుల్లెట్ ఆఖరుగా తాకేది దాన్నే.

మోడల్ 12 దుకాణంలో చేతికిచ్చాక నేను చేసిన పరీక్షలు కొన్ని. అడిగి, తూటా లేదని తెరిచి చూసుకుని, బోల్టు నాలుగైదు సార్లు ఆడించాను. ఒక డాలర్ నోటును బ్యారెల్‌కు, స్టాక్‌కు మధ్య దూర్చి యాక్షన్ దాకా లాగాను. ఎక్కడా పట్టలేదంటే బ్యారెల్ స్వేచ్ఛగా ఉన్నట్టు. చవక ప్లాస్టిక్ స్టాకులు కొన్ని బైపాడ్ అనే రెండు కాళ్ళ ఊత మీద బరువు వెయ్యగానే వంగి బ్యారెల్‌ను తాకుతాయి, అందుకే ముందు భాగాన్ని చేత్తో గట్టిగా నొక్కి మళ్ళీ నోటు లాగి చూశాను. బాగానే ఉంది. తర్వాత తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473. పేరు, చిరునామా, వలస స్థితి, గ్రీన్ కార్డు నంబరు, అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు. ఐడీ మీద ఉన్న చిరునామా ఇప్పుడు ఉంటున్న ఇంటిదే అయ్యుండాలి, ఈమధ్యే ఇల్లు మారినవాళ్ళు ముందుగానే మార్పించుకోవాలి. డీలర్ ఎన్‌ఐసీఎస్ చెక్, అంటే కొనేవాళ్ళ నేపథ్యం సరిచూసే ఫెడరల్ తనిఖీ, నడిపారు. ఒక్కోసారి అప్పుడే అనుమతి వస్తుంది, ఒక్కోసారి డిలే, అంటే ఆగమని, వస్తుంది. ఆ కాసేపు టెన్షన్‌గానే అనిపించింది, పని మాత్రం వెంటనే అయిపోయింది.

స్కోప్ 4-16 పవర్, అంటే నాలుగు నుంచి పదహారు రెట్లు పెద్దగా చూపేది, పక్కన పారలాక్స్ నాబ్ ఉన్నది తీసుకున్నాను. పారలాక్స్ సరిచేసుకునే వీలు లేని స్కోప్‌లో మూడు వందల గజాల దగ్గర తల కాస్త అటూ ఇటూ జరిగినా క్రాస్‌హెయిర్, అంటే స్కోప్‌లోని అడ్డూ నిలువు గీతల గుర్తు, లక్ష్యం మీద కదిలిపోతుంది. పెద్ద జంతువుకు అది లెక్కలోకి రాదు, ప్రెయిరీ డాగ్‌కు వస్తుంది. పదహారు కంటే ఎక్కువ పవర్ నాకు అవసరం అనిపించలేదు. ఎండెక్కితే ఎక్కువ పవర్‌లో ఎండమావి తప్ప ఇంకేం కనిపించదు. బేస్, రింగుల స్క్రూలు చేతి అంచనాతో కాకుండా అంగుళ పౌండ్ల టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన కొలతకే బిగించాను. గురి పిచ్చిపిచ్చిగా చెదిరే రైఫిళ్ళలో చాలావాటికి రోగం ఆ స్క్రూల దగ్గరే ఉంటుందని రేంజ్‌లో పెద్దవాళ్ళందరూ చెప్పేమాట. బోల్ట్ యాక్షన్‌లో బోర్‌సైటింగ్, అంటే స్కోప్‌ను బ్యారెల్ చూసే దిశకు కలపడం, సులువు. బోల్టు తీసి, రైఫిల్‌ను బ్యాగుల మీద పెట్టి, బ్యారెల్‌లోంచి యాభై గజాల లక్ష్యం మధ్యకు చూసి, రైఫిల్ కదలకుండా క్రాస్‌హెయిర్‌ను అక్కడికి తెచ్చుకోవడమే. మొదటి తూటాయే కాగితం మీద పడింది.

ఇక తూటాల పరీక్ష. నాకు ఈ వ్యవహారం మొత్తంలో బాగా ఇష్టమైన భాగం ఇదే. ఒకే రైఫిల్ ఒక తూటాతో ముచ్చటగా, ఇంకోదాంతో చిందరవందరగా కొడుతుంది. ఏది ఏ బ్యారెల్‌కు నచ్చుతుందో కాల్చి చూడాల్సిందే తప్ప ఏ పుస్తకంలోనూ ఉండదు. నాలుగు రకాలు కొన్నాను. 40, 50, 55 గ్రెయిన్ల ప్లాస్టిక్ కొన బుల్లెట్లు, వాటితో పాటు, గురి పోటీలకు చేసే 69 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్. అన్నీ 223 అని ముద్ర ఉన్నవే. 5.56 మిలిటరీ తూటాను 223 గదిలో కాల్చకూడదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా 5.56 తూటాలు ఎక్కువ పొడుగు థ్రోట్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనవి, 223 గదిలో వాటి పీడనం పరిమితి దాటొచ్చు. చవకగా దొరికే ఎఫ్‌ఎంజే తూటాలను, అంటే బుల్లెట్‌కు గట్టి లోహపు తొడుగు ఉన్నవాటిని, కూడా వేటకు వద్దనుకున్నాను. వాటికి గురి అంతంతమాత్రం, పైగా గట్టి నేల తగిలి ఎగిరిపడతాయి. వార్మింట్ బుల్లెట్ తగలగానే ముక్కలైపోతుంది. జంతువు వెంటనే చనిపోతుంది, నేల తగిలినా బుల్లెట్ దూరంగా ఎగిరిపోదు. ఆవులు మేసే చోట ఇది చిన్న విషయం కాదు.

గ్రూపులన్నీ వంద గజాల దగ్గర, ఐదేసి తూటాలతో కాల్చాను. మూడు తూటాల గ్రూపును ఫోటో తీసి మురిసిపోవడం అందరికీ ఇష్టమే, కానీ గణాంకాలు వేరే మాట చెప్తాయి. అదే రైఫిల్, అదే తూటా అయినా ఐదు తూటాల గ్రూపు సగటున మూడు తూటాల గ్రూపు కంటే పాతిక శాతానికి పైగా పెద్దగా వస్తుంది. పది తూటాలైతే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ముప్పావు అంగుళం రైఫిల్ అని ఎవరైనా అంటే, ఎన్ని తూటాలతో అని అడగాలి. తూటా రకం మార్చినప్పుడల్లా మొదటి రెండు మూడు తూటాలు గురి చూడకుండా మట్టి దిబ్బలోకి కాల్చి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టాను. ఒక్కో గ్రూపుకు మధ్య బోల్టు తెరిచిపెట్టి, బ్యారెల్‌ను వెనక చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనిచ్చాను.

40 గ్రెయిన్లది అంగుళం దాటి చెదిరింది. 55 గ్రెయిన్లది ఎప్పుడూ అంగుళం లోపే, ముప్పావు దగ్గర నిలకడగా ఉంది. 69 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ అర అంగుళానికి కాస్త పైన. 50 గ్రెయిన్ల దాని మొదటి గ్రూపును స్పాటింగ్ స్కోప్‌లో చూస్తే మూడు రంధ్రాలు ఒకదాన్నొకటి కొరుక్కుని ఆకు ఆకారంలో ఉన్నాయి, మిగతా రెండు ఆ అంచునే తాకుతున్నాయి. కాగితం తెచ్చి క్యాలిపర్‌తో బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, బుల్లెట్ వ్యాసం 0.224 తీసేస్తే అర అంగుళం లోపే వచ్చింది. ఒక్క గ్రూపును నమ్మలేం కాబట్టి దాంతోనే మళ్ళీ మళ్ళీ కాల్చాను. అర అంగుళానికీ ముప్పావు అంగుళానికీ మధ్యే తిరుగుతోంది. అన్నయ్య కళ్ళద్దాలు సర్దుకుని, "ఇక దీన్ని వదలకు తమ్ముడూ" అన్నారు. 69 గ్రెయిన్ల బుల్లెట్‌ది కూడా మంచి గ్రూపే, కానీ ఆ మ్యాచ్ బుల్లెట్ కాగితానికి చేసింది, చిన్న జంతువులో అది వార్మింట్ బుల్లెట్‌లా పగలదు. రాంచ్ షరతుకు 50 గ్రెయిన్లదే సరిపోతుంది.

రెండు వందల గజాలకు జీరో చేసుకున్నాను, అంటే ఆ దూరంలో తూటా సరిగ్గా గురి చూసిన చోటే పడేలా స్కోప్ సర్దుకున్నాను. అక్కణ్ణుంచి మూడు వందలకు వెళ్తే బుల్లెట్ ఆరంగుళాలకు కాస్త అటూ ఇటూ దిగుతుంది, అంటే స్కోప్ మీద రెండు ఎంవోఏ, పావు ఎంవోఏ క్లిక్కులైతే ఎనిమిది. ఈ లెక్క కాగితం మీదది. దాన్ని మూడు వందల గజాల బోర్డు మీద కాల్చి సరిచూసుకున్నాకే రాంచ్‌కు వెళ్ళాను.

అక్కడ గాలి తెల్లవారినప్పుడు ఉన్నంత నెమ్మదిగా పది గంటలకు ఉండదు. గడ్డి పరకలు ఎటు వంగుతున్నాయి, స్కోప్‌లో ఎండమావి ఎటు పారుతోంది అన్నది చూస్తూ కాల్చాను. గాలి పుంజుకున్నాక రెండు వందల గజాలు దాటిన వాటి జోలికి పోలేదు. రైఫిల్‌కు ఆ శక్తి లేక కాదు, గాలి నిలకడగా లేనప్పుడు నేను కట్టే అంచనా జంతువు వెడల్పు కంటే ఎక్కువే తప్పుతుంది. బ్యారెల్ వేడెక్కినప్పుడు బోల్టు తెరిచి పక్కన పెట్టి, బైనాక్యులర్స్‌తో బొరియలు చూస్తూ కూర్చున్నాను. ప్రెయిరీ డాగ్స్ ఖాళీ చేసిన బొరియల్లో చిన్న గుడ్లగూబలు కాపురముంటాయి, పగలే బొరియ గుమ్మంలో నిటారుగా నిలబడతాయి. వలస పక్షుల చట్టం కింద వాటికి రక్షణ ఉంది. పొడుగ్గా కాళ్ళు, గుండ్రటి తల కనిపిస్తే వేలు ట్రిగ్గర్ దగ్గరికి కూడా పోకూడదు. పదహారు పవర్ స్కోప్ అక్కరకొచ్చేది ముందుగా ఇలాంటి చోటే. చచ్చిన జంతువులను చేత్తో ముట్టుకోవద్దని కూడా రాంచ్ యజమాని చెప్పారు. వాటి మీదుండే ఫ్లీ అనే, రక్తం పీల్చే చిన్న పురుగుల వల్ల ప్లేగు సోకే అవకాశం ఉంది.

ఇంటికొచ్చాక బ్యారెల్‌ను శుభ్రం చేసే విషయంలో తొందరపడలేదు. గ్రూపు బాగున్నంతసేపు, బుల్లెట్ల నుంచి అంటిన రాగి పొరను పూర్తిగా గీకేయడం అనవసరమని నా అనుభవం. మసి తుడిచి, నూనె పలుచగా రాసి పెట్టాను. తర్వాత చేసిన పని, దుకాణానికి వెళ్ళి నా పెట్టెల మీదున్న లాట్ నంబరే ఉన్నవి ఇంకా మిగిలాయేమో వెతకడం. కొన్ని దొరికాయి, తెచ్చిపెట్టుకున్నాను. తయారీ విడత మారితే మందుగుండులో చిన్న తేడా రావచ్చు. ఆ పెట్టెలు అయిపోయి కొత్త లాట్ కొన్నప్పుడు, వంద గజాల బెంచీ మీద ఐదేసి తూటాల గ్రూపులు మళ్ళీ కాల్చి, జీరో చూసుకున్నాకే డాల్‌హార్ట్ బయల్దేరతాను.